ఎర్ర సముద్రంలో డైవింగ్: బెజవాడ నుంచి తక్కువ ఖర్చులో ఎలా వెళ్ళి రావాలి

సూర్యలంకలోనో మంగినపూడిలోనో నడుం లోతు నీళ్ళలో నిలబడితే మన కాళ్ళు మనకే కనపడవు. అది ఆ బీచ్‌ల తప్పు కాదు, హంసలదీవి దగ్గర కృష్ణ తెచ్చి కలిపే ఒండ్రు ఆ తీరం వెంటే తిరుగుతుంటుంది. ఈజిప్టు ఎర్ర సముద్ర తీరంలో పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. ఆ సముద్రంలో కలిసే పెద్ద నది ఒక్కటీ లేదు, వాన పడితే అక్కడ అదొక వార్త, ఎండిన కొండలు దిగగానే ఇసుక, ఇసుక దాటగానే సముద్రం. మట్టి కలిపేది ఏదీ లేదు కాబట్టి నీళ్ళలో ఇరవై, ముప్పై మీటర్ల దాకా చూపు ఆనుతుంది. పగడపు దిబ్బలు చాలాచోట్ల ఒడ్డు నుంచే మొదలవుతాయి.

ఈ చివరి మాటే మీ బడ్జెట్‌కు అసలు ఆధారం. డైవింగ్ ట్రిప్‌లో డబ్బు ఎక్కువగా కరిగించేది బోటు. ఆ పగడపు దిబ్బ, అంటే రీఫ్, ఒడ్డునే ఉంటే బోటు ఖర్చు ఉండదు, ఉదయం టిఫిన్ చేసి నడుచుకుంటూ వెళ్ళి నీళ్ళలో దిగొచ్చు. కాబట్టి రిసార్ట్ లాబీలో షాండ్లియర్ ఎలా ఉంది, పూల్ ఎన్ని మెలికలు తిరిగింది అన్నవి పక్కన పెట్టి, దాని ముందున్న నీళ్ళు ఎలాంటివో ముందు చూడండి.

ముందు ఊరు తేల్చుకోండి

మనం చూడాల్సిన ఊళ్ళు నాలుగు. ఆఫ్రికా వైపు ఒడ్డున హుర్గాదా, దానికి బాగా దక్షిణాన మర్సా ఆలం. సినాయ్ ద్వీపకల్పంలో షర్మ్ ఎల్ షేక్, దహబ్.

హుర్గాదా వీటిలో పెద్దది, హోటళ్ళు లెక్కలేనన్ని, ప్యాకేజీలూ అక్కడే చవక. ఇసుక బీచ్‌లు పిల్లలకు బాగుంటాయి. కానీ మంచి రీఫ్‌లు చాలావరకు గిఫ్తున్ లాంటి దీవుల దగ్గర ఉంటాయి కాబట్టి డైవింగ్ అంటే రోజూ బోటే. గది దగ్గర మిగిలింది బోటు దగ్గర పోతుంది. పిల్లలు ఆడుకోవాలి, మీరు ఒకటి రెండు రోజులు మాత్రమే నీళ్ళలోకి దిగుతారు అంటే హుర్గాదా సరిపోతుంది.

మర్సా ఆలం దగ్గర అబూ దబ్బాబ్ అనే అఖాతంలో సముద్రపు గడ్డి మేయడానికి పెద్ద తాబేళ్ళు వస్తాయి, అదృష్టం బాగుంటే సముద్రపు ఆవు అనే డ్యూగాంగ్ కూడా కనిపిస్తుంది. ఇక్కడి రిసార్ట్‌లు ఎడారి మధ్యలో ఒకదానికొకటి దూరంగా ఉంటాయి, గేటు బయటికి వస్తే టీకొట్టు కూడా ఉండదు. అందుకని ఇక్కడ మూడు పూటల భోజనం కలిసిన ఆల్ ఇన్‌క్లూజివ్ తీసుకోక తప్పదు. సాయంత్రం కాసేపు బజార్లో తిరగాలనుకునేవాళ్ళకు రెండో రోజే విసుగొస్తుంది.

షర్మ్ ఎల్ షేక్‌లో రీఫ్ చాలాచోట్ల ఒడ్డుకు దగ్గరే. హోటళ్ళు పగడాల మీద తొక్కకుండా పొడవాటి చెక్క జెట్టీలు కట్టాయి, వాటి చివరి నుంచి మెట్లు దిగితే కిందంతా లోతు, పక్కన గోడలా నిలబడ్డ రీఫ్. దగ్గర్లోనే 1983లో ఏర్పడ్డ రాస్ మొహమ్మద్ నేషనల్ పార్క్ ఉంది. 1941లో జర్మన్ విమానాల బాంబు దాడిలో మునిగిపోయిన బ్రిటిష్ సరుకు ఓడ థిసిల్‌గోర్మ్‌కు కూడా ఇక్కడి నుంచి బోట్లు వెళ్తాయి. లోపల మోటార్‌సైకిళ్ళు, లారీలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. అయితే అది సుమారు 30 మీటర్ల లోతు, నీటి ఉరవడి కూడా ఉంటుంది, కొత్తవాళ్ళకు కాదు.

దహబ్ ఒకప్పుడు బెదూయిన్లనే ఎడారి తెగవాళ్ళ చేపల పల్లె. ఇప్పటికీ పెద్ద రిసార్ట్‌లు తక్కువ, ఒడ్డు వెంట చిన్న చిన్న హోటళ్ళు, గెస్ట్‌హౌస్‌లు, వాటి మధ్య డైవ్ సెంటర్లు. లైట్‌హౌస్, ఈల్ గార్డెన్ లాంటి చోట్లకు ఊళ్ళోంచే నడిచి వెళ్ళి దిగుతారు, కాన్యన్‌కూ బ్లూ హోల్‌కూ జీపులో తీసుకెళ్తారు. జంటగా వెళ్ళేవాళ్ళకు, ఫ్రెండ్స్ గ్యాంగ్‌కు, డైవింగ్ కోర్సు పూర్తిచేసుకుని రావాలనుకునేవాళ్ళకు నా ఓటు కళ్ళు మూసుకుని దహబ్‌కే. పెద్దవాళ్ళు, పిల్లలతో ఇంటిల్లిపాదీ వెళ్తుంటే జెట్టీ ఉన్న షర్మ్ హోటల్ చూసుకోండి.

బ్లూ హోల్ గురించి యూట్యూబ్‌లో చూసి ఇంట్లోవాళ్ళు టెన్షన్ పడతారు, కాబట్టి ఇక్కడే చెప్తాను. అది ఒడ్డు పక్కనే వంద మీటర్ల దాకా లోతున్న గుంట. యాభై మీటర్లు దాటాక ఒక సొరంగం లాంటి ఆర్చ్ ఉంది, దాన్ని దాటాలని ప్రయత్నించి చాలామంది చనిపోయారు, వాళ్ళ పేర్లతో ఫలకాలు ఆ కొండకే బిగించి ఉంటాయి. పైన అంచు వెంట గైడ్‌తో స్నార్కెలింగ్ చేయడం (మాస్క్, ఊపిరి గొట్టం పెట్టుకుని నీళ్ళ పైనే తేలుతూ కిందికి చూడడం) వేరే సంగతి, అది రోజూ ఎంతోమంది చేస్తారు. పగలంతా అక్కడ జనం, టీలు, ఒంటెలు, సందడే సందడి.

ఇక హోటల్ ముందున్న నీళ్ళు ఎలాంటివో గుంటూరులో కూర్చునే ఎలా తెలుస్తుందంటారా? గూగుల్ మ్యాప్స్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి హోటల్ దగ్గరికి జూమ్ చేయండి. ఒడ్డును ఆనుకుని లేత రంగు పట్టీ, దాని వెంటనే ముదురు నీలం గీత కనిపిస్తే అక్కడ రీఫ్ అంచు ఉందని, లోతు మొదలైందని అర్థం. ఆ గీత దాకా జెట్టీ ఉంటే ఇంకా మంచిది. లేత రంగే చాలా దూరం పరుచుకుని ఉంటే అది ఇసుక మడుగు, పిల్లలకు బాగుంటుంది గానీ చేపలు చూడాలంటే బోటు ఎక్కాల్సిందే. తర్వాత రివ్యూల్లో 'హౌస్ రీఫ్' అన్న మాట వెతికి, కింద జనం పెట్టిన ఫోటోలు చూడండి, హోటల్ పెట్టినవి కాదు.

ఎప్పుడు వెళ్ళాలి

దసరా సెలవులు అన్నిటికంటే బాగుంటాయి. ఎండ కాస్త తగ్గి, నీళ్ళు మాత్రం ఎండాకాలపు వేడి వదలకుండా 27, 28 డిగ్రీల దగ్గర ఉంటాయి. సంక్రాంతికి వెళ్తే నీళ్ళు 22 డిగ్రీల దాకా పడిపోతాయి, గాలి కొడుతుంది, రాత్రి స్వెట్టర్ కావాలి. కానీ క్రిస్మస్, న్యూ ఇయర్ యూరప్ రద్దీ వెళ్ళిపోయాక గదుల రేట్లు దిగుతాయి కాబట్టి మందం వెట్‌సూట్‌కు (చలి ఆపే రబ్బరు సూట్) సిద్ధపడితే డబ్బు మిగులుతుంది. ఏప్రిల్, మే మొదటి సగం కూడా మంచివే, మధ్యలో ఎప్పుడైనా ఖమ్సిన్ అనే ఇసుక గాలి ఒకటి రెండు రోజులు ఇబ్బంది పెట్టొచ్చు. జూలై, ఆగస్టు వద్దు. బెజవాడ ఎండ చూసినవాళ్ళం మాకేంటి అనుకుంటారు గానీ ఆ ఎండ వేరు, చెమట పట్టినట్టే తెలియదు, అక్కడికక్కడే ఆరిపోతుంది, ఒంట్లో నీళ్ళు తగ్గిన సంగతి తలనొప్పి వచ్చాక తెలుస్తుంది. ఒళ్ళు ఎండిపోయి ఉన్నప్పుడు డైవింగ్ చేయడం ప్రమాదం కూడా.

తేదీలు ఖాయం చేసే ముందు రంజాన్ ఎప్పుడో చూసుకోండి. నెలంతా రిసార్ట్‌లు మామూలుగానే నడుస్తాయి, ఊళ్ళో చిన్న తిండి కొట్లు మాత్రం పగలు మూసేస్తారు. ఈద్ సెలవులకు ఈజిప్టు కుటుంబాలే బీచ్‌లకు తరలివస్తాయి, అప్పుడు రేట్లు అడగొద్దు.

టికెట్లు, వీసా

మొత్తం ఖర్చులో పెద్ద ముక్క విమాన టికెట్టే, అందుకే దాన్ని ముందు పట్టుకోవాలి. మనకు మామూలు దారి హైదరాబాద్ నుంచి ఏదో ఒక గల్ఫ్ నగరం మీదుగా కైరో. ముంబై, ఢిల్లీల నుంచి ఈజిప్ట్ ఎయిర్ నేరుగా కైరోకు నడుపుతుంది. గన్నవరం నుంచి షార్జాకు విమానం ఉంది కదా, అక్కడి నుంచి ఇంకో టికెట్ కొనుక్కుంటే చవక అని లెక్కలు వేసేవాళ్ళు ఒక్క విషయం చూసుకోండి: రెండు వేర్వేరు టికెట్లయితే సామాను షార్జాలో మీరే తీసుకుని మళ్ళీ వేయాల్సి రావచ్చు, దానికి బయటికి రావాలి, బయటికి రావాలంటే యూఏఈ వీసా కావాలి. పైగా మొదటి విమానం ఆలస్యమైతే రెండోవాళ్ళు మీకోసం ఆగరు, డబ్బూ తిరిగివ్వరు. ఒకే బుకింగ్‌లో ఉన్న టికెట్ కాస్త ఎక్కువైనా నిద్ర పడుతుంది.

కైరో నుంచి హుర్గాదా, షర్మ్‌లకు గంట చిల్లర విమానం ఉంది, ముందే కొంటే పెద్ద రేటేం కాదు. బస్సయితే హుర్గాదాకు ఆరేడు గంటలు, దహబ్‌కు తొమ్మిది పది గంటలు పట్టొచ్చు. సినాయ్ దారిలో చెక్‌పోస్టుల దగ్గర బస్సు ఆపి పాస్‌పోర్టులు చూస్తారు, కాబట్టి దాన్ని సూట్‌కేసులో పెట్టి డిక్కీలో వేయొద్దు. ఉత్తర సినాయ్ మాత్రం టూరిస్టులు వెళ్ళే ప్రాంతం కాదు. టికెట్ కొనే ముందు మన విదేశాంగ శాఖ సూచనలు ఒకసారి చదవండి.

వీసా ముందే తీసుకోండి. ఢిల్లీలో ఈజిప్టు ఎంబసీ, ముంబైలో కాన్సులేట్ ఉన్నాయి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి, లేకపోతే ముందు రెన్యూవల్ సంగతి చూడండి, విజయవాడలోనే సేవా కేంద్రం ఉంది. గుంటూరు జిల్లాలో ఇంటికొకరు అమెరికాలో ఉంటారు కాబట్టి చాలామంది పెద్దవాళ్ళ పాస్‌పోర్టుల్లో అమెరికా వీసా ఉంటుంది. అలాంటి వీసా ఉన్న భారతీయులకు అక్కడ దిగాక వీసా ఇచ్చే వెసులుబాటు ఉంది గానీ ఆ షరతులు మారుతుంటాయి, ఎంబసీ సైట్‌లో చూసుకోకుండా దాన్ని నమ్మి బయల్దేరకండి. సినాయ్‌కు పదిహేను రోజుల ఉచిత స్టాంప్ అని ఎక్కడైనా చదివితే అది యూరప్, అమెరికా లాంటి కొన్ని దేశాల పాస్‌పోర్టులకే.

ఏజెంట్ దగ్గర ప్యాకేజీగా కొంటే దాని మీద టీసీఎస్ (అమ్మేవాళ్ళే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. అది పోయే డబ్బు కాదు, ఐటీ రిటర్న్‌లో సర్దుకోవచ్చు లేదా రీఫండ్ వస్తుంది, కానీ అప్పటిదాకా మీ చేతిలో ఉండదు. టికెట్, గది, డైవింగ్ విడివిడిగా మీరే బుక్ చేసుకోవడం చాలాసార్లు చవక.

బయల్దేరే ముందు ఒంటిని సిద్ధం చేసుకోండి

ఒకే ఒక్కసారి అనుభవం కోసం చేసే ట్రై డైవ్‌కు ఈత రానక్కర్లేదు. ఇన్‌స్ట్రక్టర్ పక్కనే పట్టుకుని ఉంటాడు, 12 మీటర్లకు మించి తీసుకెళ్ళరు. అదే ఓపెన్ వాటర్ అనే మొదటి మెట్టు సర్టిఫికెట్ కోర్సు చేయాలంటే మాత్రం 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, పది నిమిషాలు నీళ్ళలో తేలగలగాలి. స్పీడ్ ఎవరూ చూడరు. పదేళ్ళు నిండిన పిల్లల నుంచి చేయొచ్చు. ఆ సర్టిఫికెట్‌తో 18 మీటర్ల దాకా వెళ్ళొచ్చు (పది, పదకొండేళ్ళ పిల్లలైతే 12 మీటర్లే), ప్రపంచంలో ఎక్కడైనా చెల్లుతుంది. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ పాడీనా, ఎస్‌ఎస్‌ఐనా అని తల బద్దలు కొట్టుకోవద్దు, రెండూ ఒకటే అనుకోండి, చెప్పే మనిషి ముఖ్యం.

ఈత రాకపోతే రెండు మూడు నెలల ముందే ఏదైనా కోచ్ ఉన్న స్విమ్మింగ్ పూల్‌లో చేరండి. చిన్నప్పుడు ఏలూరు కాలువలో దూకినవాణ్ణి, నాకు నేర్పేదేంటి అనే మావయ్యలు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్ళను కూడా పూల్‌కే తీసుకెళ్ళి తల నీళ్ళలో పెట్టి ఊపిరి వదలమనండి, అక్కడే తెలిసిపోతుంది.

చెవుల సంగతి ఇంకా ముఖ్యం. లోతుకు వెళ్ళేకొద్దీ నీటి ఒత్తిడి చెవుల మీద పడుతుంది, ముక్కు మూసి మెల్లగా గాలి ఊది దాన్ని సరిచేసుకుంటూ దిగాలి. జలుబు ఉంటే ఆ గాలి వెళ్ళదు, నొప్పి మొదలవుతుంది, బలవంతంగా దిగితే కర్ణభేరి దెబ్బతింటుంది. అందుకే తరచూ సైనస్ ఇబ్బంది ఉన్నవాళ్ళు ఇక్కడే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి. ప్రతి డైవ్ సెంటర్ ఒక మెడికల్ ఫారం నింపమంటుంది: ఆస్తమా, గుండె, ఫిట్స్, బీపీ, ఆపరేషన్లు. అందులో దేనికైనా 'అవును' అని రాస్తే డాక్టర్ సంతకం లేకుండా నీళ్ళలోకి దించరు. ఫారంను నెట్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకుని మీ డాక్టర్‌తో ఇక్కడే సంతకం చేయించుకుంటే అక్కడ ఒక రోజూ, డాక్టర్ ఫీజూ మిగులుతాయి. అన్నిటికీ 'కాదు' అని టిక్ కొట్టేసి దిగిపోవడం మాత్రం చేయకండి.

డబ్బు పెట్టే ముందు అసలు మీకు ఇది పడుతుందో లేదో చూసుకోవాలంటే వైజాగ్ వెళ్ళి రుషికొండలో ఒక ట్రై డైవ్ చేసి రండి. నీళ్ళు అంత తేటగా ఉండవు, కానీ భయం, చెవులు, సిలిండర్ గాలిని అందించే రెగ్యులేటర్‌తో నోటి ద్వారా ఊపిరి పీల్చడం, ఈ మూడూ అక్కడ తేలిపోతాయి.

డైవ్ సెంటర్‌తో మాట్లాడేటప్పుడు

ఇక్కడ ఒక లెక్క ఉంది. 2024 మార్చిలో ఈజిప్టు తన పౌండును మార్కెట్‌కు వదిలేశాక డాలర్‌కు 30 చిల్లర ఉన్నది 50 దగ్గరకు వెళ్ళింది. దాంతో భోజనం, టాక్సీ, ఊళ్ళోని చిన్న గదులు విదేశీయులకు చవకయ్యాయి. కానీ డైవింగ్ రేట్లు యూరోల్లో చెప్తారు, అక్కడ ఆ లాభం ఉండదు. దహబ్‌లో ఓపెన్ వాటర్ కోర్సుకు సుమారు 300 నుంచి 400 యూరోలు అడుగుతారు. అందుకే నేననేది, గదిలో, తిండిలో తగ్గించి ఆ డబ్బు ఇటు పెట్టండి.

రేటు చెప్పగానే అందులో ఏమేం కలిశాయో వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి. ఆన్‌లైన్ పాఠాల ఫీజు, సర్టిఫికెట్ ఫీజు, పరికరాల అద్దె, జీపు, పార్క్ ప్రవేశ రుసుము, ఇవన్నీ విడిగా వేస్తే తక్కువ అనుకున్నది ఎక్కువై కూర్చుంటుంది. ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఎంతమంది ఉంటారో అడగండి, ఇద్దరు ముగ్గురైతే బాగుంటుంది. ఈజిప్టులో డైవింగ్ సెంటర్లకు సీడీడబ్ల్యూఎస్ అనే చాంబర్ లైసెన్స్ ఉండాలి, అది ఉందో లేదో చూడండి. బీచ్‌లో చేతిలో ఆల్బమ్ పట్టుకుని సగం రేటుకు తీసుకెళ్తానని వచ్చేవాడికి నమస్కారం పెట్టేయండి. రోజుల తరబడి బోటులోనే పడుకునే సఫారీలు మొదటి ట్రిప్‌కు వద్దు. 2024 నవంబర్‌లో సీ స్టోరీ అనే అలాంటి బోటే మర్సా ఆలం వైపు మునిగి ప్రాణాలు పోయాయి. ఒక రోజు బోటు ట్రిప్‌కు వెళ్ళినా లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో, బయటికి దారి ఎటో ఎక్కగానే చూసుకోండి.

ఇన్సూరెన్స్ మీద పొదుపు చేయకండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో డైవింగ్‌ను మినహాయించడమో, ఇంత లోతు వరకే అని గీత గీయడమో చేస్తారు, ఆ చిన్న అక్షరాలు చదవండి. డైవింగ్ వల్ల ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టే డీకంప్రెషన్ జబ్బు చేస్తే ప్రెషర్ ఛాంబర్‌లో పెట్టాలి, షర్మ్‌లోనూ హుర్గాదాలోనూ అవి ఉన్నాయి, బిల్లు మాత్రం మామూలుగా ఉండదు. డాన్ లాంటి సంస్థల డైవింగ్ పాలసీలు విడిగా దొరుకుతాయి.

వైజాగ్‌లో దిగినదానికంటే అక్కడ, మునగడానికని నడుముకు ఎక్కువ సీసం కడితే కంగారు పడొద్దు. మామూలు సముద్రాల్లో లీటరుకు 35 గ్రాముల ఉప్పుంటే ఎర్ర సముద్రంలో 40 దాకా ఉంటుంది, ఒళ్ళు ఊరికే పైకి తేలిపోతుంది.

తిండి, సామాను

దహబ్‌లో ఉంటే గది ఒక్కటే తీసుకుని బయట తినండి. శాకాహారులు బతికిపోతారు: అన్నం, పప్పు, మాకరోనీ, శనగలు, పైన వేయించిన ఉల్లిపాయలతో కోషరీ, ఉడికించిన బాకలా గింజల (ఫావా బీన్స్) ఫూల్, ఆకుకూర కలిపి వేయించిన తామియా. తామియా అచ్చం మన మసాలా వడకు దూరపు చుట్టం, పచ్చిమిర్చి మాత్రం మర్చిపోయారు. గొడ్డుమాంసం తినని వాళ్ళు ఆర్డర్ ఇచ్చే ముందు గట్టిగా అడగాలి, కోడి అంటే 'ఫిరాఖ్', మాంసం లేకుండా అంటే 'మిన్ ఘేర్ లహ్మా'. కుళాయి నీళ్ళు తాగొద్దు. గుంటూరు కారప్పొడి, గోంగూర పచ్చడి లేనిదే ముద్ద దిగదంటే గట్టిగా ప్యాక్ చేయించి చెక్ ఇన్ లగేజీలో వేయండి, నూనె కారితే వెట్‌సూట్‌తో సహా అన్నీ అదే వాసన.

సొంత మాస్క్ ఒకటి కొనుక్కోండి, ముఖానికి సరిపోయిన మాస్క్ ఉంటే సగం భయం పోతుంది. కళ్ళద్దాలవాళ్ళకు పవర్ ఉన్న మాస్క్‌లు దొరుకుతాయి. మిగతావన్నీ అద్దెకే. గట్టి అడుగున్న నీటి చెప్పులు తప్పనిసరి, సీ అర్చిన్ ముళ్ళు, రాయిలా కదలకుండా పడుండే స్టోన్‌ఫిష్ రెండూ ఉన్నాయి అక్కడ. ఆడవాళ్ళు పొడుగు చేతుల రాష్ గార్డ్, లెగ్గింగ్స్‌తో హాయిగా దిగొచ్చు, ఎవరూ వింతగా చూడరు, ఎండకూ అదే మంచిది.

డ్రోన్ తీసుకెళ్ళొద్దు. మన పెళ్ళిళ్ళలో ఎగరేసినట్టు అక్కడ కుదరదు, అనుమతి లేకుండా దేశంలోకి తేవడమే నేరం. ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు కూడా అంతే, అక్కడ వాటి మీద చట్టం చాలా కఠినం. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల మందుల సంచి మీరే ఒకసారి తీసి చూడండి. వచ్చేటప్పుడు పగడం ముక్కో గవ్వో జేబులో వేసుకోవడం కూడా నేరమే.

రోజుల వరుస

ఇది తప్పితే మిగతా ప్లాన్ అంతా దెబ్బతింటుంది. డైవింగ్ చేశాక రక్తంలో, కండరాల్లో నైట్రోజన్ మిగిలి ఉంటుంది, అది పోకముందే పైకి ఎగిరితే బుడగలు కట్టి డీకంప్రెషన్ జబ్బు వస్తుంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రోజూ చేస్తుంటే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. నేనైతే ఒక పూర్తి రోజు వదిలేయమంటాను.

చాలామందికి తట్టనిది ఇంకోటి ఉంది. దహబ్ నుంచి అందరూ రాత్రిపూట సినాయ్ పర్వతం ఎక్కి సూర్యోదయం చూడ్డానికి వెళ్తారు. ఆ శిఖరం 2,285 మీటర్లు. ఒంటి లెక్కలో అది కూడా విమానం ఎక్కినట్టే. పొద్దున డైవ్, రాత్రి కొండ అని ఏజెంట్ ప్యాకేజీ కట్టి అమ్మినా తీసుకోవద్దు. ముందు కొండ ఎక్కేసి, ఆ తర్వాతే డైవింగ్ పెట్టుకోండి.

అలాగే పిరమిడ్లు. కైరోలో దిగాం కదా ముందే చూసేద్దాం అనిపిస్తుంది, కానీ వాటిని చివరికి ఉంచండి. దిగగానే సముద్రం వైపు వెళ్ళిపోయి, మొదటి రోజు స్నార్కెలింగ్‌తో నీళ్ళకు అలవాటు పడి, తర్వాత కోర్సు మొదలుపెట్టండి. ఎవరికైనా జలుబు చేసి ఒక రోజు పోయినా సర్దుకోవడానికి మధ్యలో ఒక ఖాళీ రోజు ఉంచండి. ఆఖరి డైవ్ అయ్యాక ఆ రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు బస్సులో కైరో చేరి, గీజా, మ్యూజియం చూసి విమానం ఎక్కితే ఆ 18 గంటల నియమం దానంతటదే గడిచిపోతుంది, విడిగా ఒక రోజు హోటల్లో ఊరికే కూర్చుని డబ్బు కట్టాల్సిన పని ఉండదు. బస్సు ఎక్కే ముందు, చేసిన డైవ్‌లు రాసుకునే లాగ్‌బుక్‌లో ఇన్‌స్ట్రక్టర్ సంతకం పడిందో లేదో, సర్టిఫికెట్ మీ మెయిల్‌కు వచ్చిందో లేదో అక్కడే చూసుకోండి, పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి.